రేకుల సందు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది ఐదుగురం. బాబాయి, పిన్ని, వాళ్ళ కూతురైన మా చెల్లి, పొద్దున్నే వచ్చి ముందుగదిలోని ఒకే ఒక్క మంచి కుర్చీలో స్థిరపడిపోయిన కాంట్రాక్టరుగారు, మెట్ల కింద నేను.

మెట్ల కింద అనేది నా గది పేరు. డాబా మీదికి వెళ్ళే మెట్ల అడుగున సరిగ్గా ఒక మడతమంచం పడుతుంది. కాళ్ళ వైపు నిలబడగలను కానీ తల వైపు నిలబడలేను. మా ఊరి బడిలో పదో తరగతి పూర్తయ్యి, కాలేజీలో చేరడానికి ఇక్కడికి వచ్చినప్పుడు బాబాయి నా పెట్టె మంచం కిందికి తోస్తూ, "కొన్నాళ్ళు సర్దుకో తల్లీ, ఇల్లు పెంచినప్పుడు నీకు కిటికీ ఉన్న గది ఇస్తా" అన్నాడు. ఆ మాట అని ఏడాది దాటింది. ఇల్లు పెరగలేదు. చెల్లి పెరిగింది, నా తల మీద మెట్లెక్కి దిగే దాని గెంతులు పెరిగాయి.

ఇల్లు పెంచడం బాబాయి చేతిలో ఉన్న పని కాదు. మా వీధిలో రెండంతస్తులు దాటి కట్టకూడదు, మాది చిన్న స్థలంలో ఇప్పటికే ఆ రెండూ అయిపోయిన ఇల్లు. ఈ ఏడాది కొత్త రూలు వచ్చింది. రైల్వే స్టేషన్ గేటు నుంచి అర కిలోమీటరు లోపు ఉన్న వీధుల్లో ఐదంతస్తుల వరకు కట్టుకోవచ్చు. స్టేషన్ దగ్గర ఎక్కువమంది ఉండగలిగితే రోడ్ల మీద బండ్లు తగ్గుతాయని, దూరాల నుంచి పడుతూ లేస్తూ వచ్చేవాళ్ళకి ఇళ్ళు దొరుకుతాయని ఆ రూలు పెట్టారట. అయితే ఆ దూరాన్ని మ్యాపు మీద స్కేలు పెట్టి కొలవరు. మనిషి కాళ్ళతో నడిచే దారి వెంట కొలుస్తారు. ఆ రోజు కొలవడానికి మున్సిపల్ ఆఫీసు నుంచి మనిషి వస్తుందని ఇంట్లో అందరూ కాచుకుని ఉన్నారు.

"నేను నడిచి చూశానండీ. మలుపు దగ్గర లోపలికి కోసుకుని నడిస్తే సరిపోతుందేమో," అన్నాడు బాబాయి.

"మీరు కోసుకుని నడుస్తారు సార్, వాళ్ళు తోసుకుంటూ కొలిచే చక్రం కోసుకోదు," అన్నారు కాంట్రాక్టరుగారు. "మీ వీధి స్టేషన్‌కి వీపు పెట్టుకుని కూర్చుంది. స్టేషన్‌నే కాస్త ఇటు జరపమని అడుగుదామా?"

పిన్ని వంటింట్లోంచే, "కుర్చీలోంచి లేవకుండా స్టేషన్లు జరిపేస్తారు మన కాంట్రాక్టరుగారు," అంది. ఆయన పెద్దగా నవ్వారు గానీ కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

కొలతల మనిషి అంటే ఎవరో మగమనిషి వస్తాడనుకున్నాను. వచ్చింది మా లెక్కల మేడం వయసున్న ఆవిడ. ఎండకి టోపీ పెట్టుకుంది. చేతికర్ర చివర చిన్న చక్రం, కర్ర మీద ఒక డబ్బా. చక్రాన్ని నేల మీద తోసుకుంటూ నడుస్తుంటే డబ్బాలో అంకెలు మారుతుంటాయి. చెల్లి ఆ చక్రాన్ని చూసిన క్షణం నుంచి "నేను తోస్తా, నేను తోస్తా" అని ఆవిడ చీరకొంగు వదలలేదు.

బాబాయి, కొలతల మేడం స్టేషన్ దాకా వెళ్ళి తిరిగొచ్చారు. బాబాయి ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"కొంచెమేగా మేడం తేడా," అన్నాడు గుమ్మంలోనే.

"కొంచెమే సార్. కానీ ఆ గీత ఎక్కడో ఒకచోట గియ్యాలి కదా. మీ వీధి అవతల పడింది."

కాంట్రాక్టరుగారు వాచీ చూసుకున్నారు. పిన్ని నాకు సైగ చేసింది, మేడంకి మంచినీళ్ళు ఇమ్మని. నేను తీసుకెళ్ళేసరికి ఆవిడ పెరటి మెట్ల మీద కూర్చుని చెప్పులోకి దూరిన రాయి తీసుకుంటోంది.

కొత్తవాళ్ళు నాతో మాట్లాడటం మొదలుపెట్టగానే నా గొంతు ఎక్కడికో పోతుంది. మాటలన్నీ తరవాత డైరీలో వస్తాయి. ఆవిడ మాత్రం నన్నెవరో పెద్దదాన్ని చూసినట్టు చూసి, "కాలేజీకి రోజూ రైల్లోనేనా?" అని అడిగింది.

తల ఊపాను.

"మరి రోజూ ఇంత చుట్టూ తిరిగే వెళ్తావా? నాకు ఒక్కసారికే కాళ్ళు లాగేశాయి."

నిజంగా తెలుసుకోవాలని అడిగింది. మాకు చెప్పమ్మా, సిగ్గేంటమ్మా అనే ధోరణి కాదు. ఆ ఇంట్లో నన్ను అలా ఎవరైనా ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగిందెప్పుడో నాకు గుర్తు లేదు.

"లేదండీ. సందులోంచి వెళ్తాను," అన్నాను.

అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. ఆవిడ "ఏ సందు?" అంది. నా కళ్ళ ముందు కిటికీ కనబడింది. అబద్ధం రాయడం ఇష్టం లేదు కాబట్టి రాస్తున్నాను. చెప్తే ఏమవుతుందో నాకు పూర్తిగా తెలియదు. కానీ ఏదో అవుతుందని తెలుసు. కిటికీ వైపు అవుతుందని తెలుసు. లేచి పెరటి గేటు తీశాను.

ఆ గేటు అవతల, మా వీధిలోంచి వచ్చే ఇరుకు సందు ఉంటుంది. నాలుగడుగులు వేస్తే రేకుల తలుపు వస్తుంది. బాబాయి వాళ్ళు ఈ ఇల్లు కొనకముందే దాన్ని మూసేశారు, కాబట్టి ఇంట్లోవాళ్ళకి అది గోడలాంటిదే. ఆ తలుపు వెనక నుంచి స్టేషన్ రోడ్డు దాకా ఉన్న సందంతా టైలరక్కది. అంటే ఆవిడ పని చేసుకునే చోటు. పక్కనున్న చిన్న గదిలో ఆవిడ ఉంటుంది. గది యజమాని ఎప్పుడో సందు మీద రేకులు వేసి, గదితో కలిపి ఆవిడకి అద్దెకిచ్చాడు. రోడ్డు వైపు తెర, మా వైపు తలుపు, మధ్యలో రెండు కుట్టుమిషన్లు, కత్తిరించే బల్ల, పైన తీగకి వేలాడే బట్టలు.

నేను వచ్చిన కొత్తల్లో ఒక వానపొద్దున పెరటి గేటు దగ్గర పుస్తకాలు తడుపుకుంటూ నిలబడితే, గుడ్డపీలికలు పారేయడానికి తలుపు తీసిన అక్క నన్ను చూసింది. "చుట్టూ తిరిగి వెళ్ళేసరికి నీ రైలు ఇంకో ఊళ్ళో ఉంటుంది. ఇలా రా, స్టేషన్ ఎదురుగా పడతావు," అంది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే ఆ తలుపు గడియ తీసి ఉంచేది. చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోతానని నాకు పిల్లి అని పేరు పెట్టింది. ఇంట్లో చెప్పలేదు. పరాయివాళ్ళ ఇంట్లోంచి రాకపోకలేంటని పిన్ని అంటుందని.

ఆ ఆదివారం చెల్లి మమ్మల్ని వదల్లేదు. మేడం అలసిపోయి ఉందో, దయ కలిగిందో, చక్రం దాని చేతికిచ్చి, "నిదానంగా తొయ్యి, పక్కకి పోనివ్వకు," అంది. నేను తలుపు మీద గోటితో గీకాను. అది మా అలవాటు.

"ఏం పిల్లీ, ఆదివారం కూడా కాలేజీయేనా?" అంటూ అక్క తలుపు తీసింది. ఒక చిన్నపాప గౌనుకి కాజాలు కుడుతున్నట్టుంది, పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉంది. రెండోవైపు ఒకావిడ కొలతలివ్వడానికి నిలబడి ఉంది. అక్క మా ముగ్గురినీ చూసి, చెల్లి చేతిలో చక్రాన్ని చూసి సూదులు తీసి పక్కన పెట్టి నవ్వింది. "అబ్బో, ఏం బొమ్మే ఇది? నాన్న కొన్నాడా?"

"నాది కాదు, ఆంటీది," అంది చెల్లి.

"స్టేషన్‌కా అమ్మా?" అని మేడంని అడిగింది అక్క.

"అవునండీ, స్టేషన్ దాకా," అంది మేడం. ఆవిడ కళ్ళు డబ్బా మీదా, పైన రేకుల మీదా ఉన్నాయి. అక్కకి తెలిసే ఉంటుందని, ముందే మాట్లాడుకునే తీసుకొచ్చానని ఆవిడ అనుకుందని తరవాత అర్థమైంది.

అక్క నా చెవి దగ్గరికి వంగి, "మీ చుట్టమా?" అంది.

నేను తల ఊపాను.

ఆవిడ చుట్టం కాదని ఒక్క మాట చాలు. లోపల ఆ మాట ఉంది కూడా. కానీ మేడం ముందు, కొలతలిస్తున్న ఆవిడ ముందు అది బయటికి రాలేదు. తల మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

మా చుట్టమని తెలియగానే అక్క హడావుడి పడింది. స్టూలు పక్కకి జరిపింది. తీగ మీద వేలాడుతున్న గౌను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది, మేడం తలకి తగలకుండా. చెల్లి చక్రం తోసుకుంటూ వస్తుంటే, "ఆగాగు, దారాలు చుట్టుకుంటాయి," అని వంగి కింద ఉన్న పీలికలన్నీ చేత్తో ఊడ్చి దారి చేసింది. ఆ చక్రం అంత శుభ్రమైన నేల మీద ఆ రోజు మరెక్కడా తిరిగి ఉండదు.

తెర దాటితే స్టేషన్ గేటు ఎదురుగానే ఉంది. మేడం డబ్బాలో అంకెలు చూసి, ఫోనులో పాత లేఅవుట్ మ్యాపు తెరిచి వేలితో పెద్దది చేసుకుంది. "అర కిలోమీటరు లోపే వచ్చింది. ఇది ఎప్పటి నుంచో దారేనమ్మా. రేకులు తరవాత వేసినవి," అంది. నేను అక్క ఉన్న తెర వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక జరిగింది మామూలుగా అయితే నాకు పండగలా ఉండాలి. బాబాయి గేటు తీసి సందులోకి తొంగిచూసి, "ఇన్నేళ్ళూ ఇది గోడే అనుకున్నానే!" అని తల పట్టుకుని నవ్వాడు. కాంట్రాక్టరుగారు మొదటిసారి కుర్చీలోంచి లేచి, "సార్, మీ ఇంట్లో సర్వేయరుని మెట్ల కింద దాచిపెట్టారు!" అన్నారు. పిన్ని నన్ను దగ్గరికి పిలిచి, "నోట్లో నాలుక లేదనుకున్నాను, చూడు, వీధి వీధంతటికీ పనికొచ్చింది," అని నా జుట్టు సవరించింది. బాబాయి నేను తిన్నానో లేదో అడిగాడు. ఆ ప్రశ్న అంతకుముందు ఎప్పుడూ అడగలేదని కాదు, అడిగినట్టు నాకు గుర్తు లేదంతే.

మేడం వెళ్తూ ఒక మాట చెప్పింది. "సందు మ్యాపులో ఉంటే సరిపోదు సార్. జనం వాడుతున్నట్టు పనిరోజున చూసి ఫొటో తీసుకోవాలి. రేపు పొద్దున వస్తాను. నడిచేవాళ్ళు ఉంటే మీ వీధి లోపలికి వస్తుంది."

"ఉన్నారుగా!" అని బాబాయి నా భుజం మీద చెయ్యి వేశాడు.

జనం అంటే నేనే. అక్క దగ్గరికి వచ్చేవాళ్ళంతా రోడ్డు వైపు నుంచే వస్తారు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేది నేనొక్కదాన్నే.

మేడం వెళ్ళాక అడిగాను. "బాబాయ్, టైలరక్క మిషన్లు ఎక్కడ పెట్టుకుంటుంది?"

"ఏ మిషన్లు?"

"సందులో ఉన్నవి."

బాబాయి కాంట్రాక్టరుగారి వైపు చూశాడు. "దారి అన్నాక పైన రేకులుండకూడదు, మధ్యలో బల్లలుండకూడదు. తీసేస్తారు," అన్నారాయన. "ఆవిడదేముందమ్మా, ఇంకోచోట చూసుకుంటుంది."

"అది ఆవిడ తప్పు కాదు తల్లీ, నేనలా అనట్లేదు," అన్నాడు బాబాయి. ఆయన గొంతులో కోపం లేదు. "పదిమందికి చెందిన సందుని ఆ గది యజమాని తనదన్నట్టు అద్దెకిచ్చుకున్నాడు. మన ఊరి నుంచి నీతోపాటు కాలేజీలో చేరిన ఆ పిల్ల ఎందుకు మానేసింది?"

దూరం వల్ల మానేసింది. రెండు బస్సులు, ఒక రైలు. ఇంటికి చేరేసరికి చీకటి పడేది. ఇక్కడ అద్దెకి ఒక్క గది దొరక్క వాళ్ళ నాన్న ఇక చాలన్నాడు. నా పక్క సీటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

"ఈ వీధిలో అందరూ పైకి కట్టుకుంటే అలాంటి పిల్లలు ఎంతమంది ఉండొచ్చో ఆలోచించు," అన్నాడు బాబాయి.

ఆలోచించాను. ఆయన చెప్పింది నిజమే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన మాటల్లో తప్పు దొరికితే కోపం తెచ్చుకుని పడుకునేదాన్ని. తప్పు నా తల ఊపులో ఉంది. రూలుకి ఆ తల ఊపుతో పని లేదు. అక్కకి విషయం చెప్పే తీసుకెళ్ళొచ్చు. అక్క తిట్టేది, తలుపు వేసుకునేది, ఎవరితోనో పోట్లాడేది, వేరే చోటు వెతుక్కునేది. ఏదో ఒకటి ఆవిడే చేసేది. నేను ఆవిడ చేతే నేల ఊడ్పించాను.

సాయంత్రం పిన్ని డాబా మీదికి పిలిచి, "మూడో అంతస్తులో నీ గది ఇటు వైపు పెట్టిస్తాం. స్టేషన్ కనబడుతుంది, రైలు వచ్చేది చూసుకుని బయల్దేరొచ్చు," అని గాల్లో చేత్తో కిటికీ గీసింది. అక్కడి నుంచి కిందికి చూస్తే సందు మీది రేకులు కనబడుతున్నాయి. మిషన్ చప్పుడు వినబడుతోంది. ఆదివారం కూడా పని ఆపదు అక్క. "బాగుంది పిన్నీ," అన్నాను.

డైరీ తెరిచి కూర్చున్నాను. చక్రం గురించి రాశాను, చెల్లి గురించి రాశాను, కానీ అక్క ఊడ్చిన చోటికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. రాసుకుంటే ఏం లాభం? చెప్పాల్సింది డైరీకి కాదు.

మర్నాడు బాబాయి కంటే ముందే తయారయ్యాను. మేడం వచ్చేలోపు అక్కతో చెప్పేయాలి. పెరటి గేటు దాటి రేకుల తలుపు గోటితో గీకాను.

"ఏంటి పిల్లీ, ఇవాళ రైలు కంటే ముందే లేచావు?" తలుపు తీస్తూనే అక్క వెనక్కి తిరిగి తీగ మీది నుంచి ఒక డ్రెస్సు తీసింది. నాదే. పోయిన వారం చేతులు బిగుతయ్యాయని చెప్పకుండానే కనిపెట్టి లాక్కుంది. "ఇదిగో, వదులు చేశా. ఇంకో రెండేళ్ళు లావెక్కినా పర్లేదు. లోపలికి రా, గుమ్మంలో నిలబడ్డావేంటి?"

ఒక కాలు గడప మీద, ఒక కాలు బయట. "అక్కా, నిన్న వచ్చినావిడ మా చుట్టం కాదు," అన్నాను.

"మరి?"

చెప్పాను. అన్నీ ఒకేసారి వచ్చాయి, వరస లేకుండా. కొలతలు, అర కిలోమీటరు, ఐదంతస్తులు, మ్యాపు, రేకులు తీసేస్తారట, ఫొటో. అక్క మొదట నవ్వింది, నేనేదో జోకు సరిగ్గా చెప్పలేకపోతున్నాననుకుని. తరవాత స్టూలు లాక్కుని కూర్చుంది. డ్రెస్సు ఆవిడ ఒళ్ళో ఉంది. దాన్ని మడత పెట్టడం మొదలుపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"అంటే ఆ చక్రం..."

"కొలిచేది అక్కా."

"నేను బొమ్మనుకున్నానే." అక్క నేల వైపు చూసింది. "చుట్టమా అని అడిగా కదే నిన్ను."

"అడిగావు."

"మరి తలెందుకు ఊపావు?"

ఆ ప్రశ్నకి జవాబు ఆదివారమంతా వెతికాను. సిగ్గు అని చెప్పొచ్చు, అది సగం నిజం. మిగతా సగం ఒకటి ఉంది.

"నీకేమొస్తుందే దీనివల్ల?" అంది అక్క. అరవలేదు. నాకే అర్థం కానిదాన్ని నాకోసం అర్థం చేసుకోవడానికి చూస్తున్నట్టు అడిగింది.

"కిటికీ," అన్నాను.

అక్క పైకి చూసింది. రేకులు. పక్కకి చూసింది. రెండు వైపులా వేరేవాళ్ళ ఇళ్ళ గోడలు. పగలు కూడా బల్బు వెలిగించుకుని కుట్టే చోటు అది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎంతమంది నడవాలట?" అని అడిగింది.

"చెప్పలేదు. జనం నడుస్తుంటే దారి అంటారట. నడవకపోతే..."

"నడవకపోతే?"

"దారి కాదంటారేమో."

"నడిచేది నువ్వొక్కదానివేగా," అంది అక్క.

మా వెనక పెరటి గేటు కిర్రుమంది. బాబాయి గొంతు వినబడింది. "ఇటు రండి మేడం, జాగ్రత్త, మెట్టుంది. మా అమ్మాయి ఈపాటికి వెళ్తూనే ఉంటుంది, చూద్దురుగాని."

మా అమ్మాయి అన్నాడు. అన్న కూతురు అనే అంటాడు ఎప్పుడూ.

అక్క లేచింది. మడత పెట్టిన డ్రెస్సు నా చేతిలో పెట్టింది. పైన నలిగిన చోట అరచేత్తో ఒకసారి రాసింది, ఎవరికైనా బట్టలిచ్చేటప్పుడు అలాగే రాస్తుంది. తరవాత నా చెప్పు ఉన్న గడప వైపు చూసింది.

"కాలు తియ్యి పిల్లీ."

"అక్కా, నేను..."

"రైలుకి టైమైంది. చుట్టూ తిరిగి వెళ్ళు. అదీ దారే."

బాబాయి అడుగులు దగ్గరికొస్తున్నాయి. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. అక్క తలుపు మీద రెండు చేతులూ పెట్టి నెమ్మదిగా, ఎవరి వేళ్ళూ పడకుండా చూసుకుంటూ మూసింది. లోపల గడియ పడింది. ఆ తలుపుకి గడియ ఉందని నాకు ఎప్పుడూ తెలుసు. బయట నిలబడి దాని చప్పుడు వినడం మాత్రం అదే మొదలు.